బొగ్గు పెట్టె మీద చుక్క

ఆ ఫొటో అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. చుట్టూ తెల్లటి అంచు. ఒక మూల చెదలు కొరికిన గుర్తు. అందులో ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఎడమ చంకలో ఓ బిడ్డ. ఒంటి మీద పూల గౌను, నెత్తిన పిలక. సరిగ్గా ఫొటో తీసే సమయానికి తల తిప్పినట్టుంది, మొహం అలికేసినట్టు అయిపోయింది. వాళ్ల వెనకాల గూడ్సు బండి పెట్టె ఒకటి.

జూలూరుపాడులోని ఆ ఇంట్లో అందరికీ ఖాకీ చొక్కా మనిషి ఎవరో తెలుసు. ఇంటి పెద్దాయన. డోర్నకల్ యార్డులో నంబర్ టేకర్‌గా పనిచేసి, 1986లో రిటైరై, 1998లో కన్నుమూశాడు. తెలియనిదల్లా చంకలో ఉన్న బిడ్డ ఎవరన్నదే.

ఆయన పెద్దకొడుకు లెక్కల మాస్టారు. 2017లో రిటైరయ్యారు. ఆ బిడ్డ అక్క అని ఆయన నమ్మకం. ఆయన పుట్టకముందే, మూడేళ్లయినా నిండకుండా చలిజ్వరంతో పోయిన అక్క. ఆ అక్కకి వేరే ఫొటో లేదు. ఇంట్లో ఆమె పేరెత్తినవాళ్లూ లేరు. అమ్మ మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు ట్రంకుపెట్టెలోంచి ఆ ఫొటో తీసి, బిడ్డ గౌను మీద వేలితో నిమిరి, 'నా తల్లి' అని గొణుక్కునేది. మాస్టారికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కొత్తగూడెంలో ఉండే చెల్లెలు మాత్రం ఒప్పుకునేది కాదు. ''అది నువ్వే అన్నయ్యా. మగపిల్లలకీ గౌన్లు తొడిగేవాళ్లు కదా ఆ రోజుల్లో. పుట్టువెంట్రుకలు తీయించకపోతే పిలకా వేసేవాళ్లు'' అనేది. తను కాదని మాత్రం ఆమెకి గట్టిగా తెలుసు. ఆమెకు ఏడాది తిరక్కుండానే భద్రాచలంలో గుండు చేయించారు.

అమ్మనే అడిగితే పోయేది. కానీ అరవై ఏళ్లు మూసిపెట్టిన మాటని తెరవడానికి ఇద్దరికీ నోరు రాలేదు. ఇప్పుడు ఆమెకి తొంభై దగ్గర పడుతున్నాయి. చూపు ఆనదు. మాస్టారు మనసులో ఒకటే అనుకున్నారు. ఆ బిడ్డని పెద్దది చేయించి, నాన్న ఫొటో పక్కన పటం కట్టించాలి. అమ్మ ఉండగానే అక్కకి ఈ ఇంటి గోడ మీద చోటివ్వాలి. అంతకు ముందు ఆ బిడ్డ అక్కేనని రుజువు కావాలి. మనుషులు చెప్పలేరు కాబట్టి వెనకాల ఉన్న పెట్టెనే అడగాలనుకున్నారు.

మూడు రైల్వేలు, ఒకే యార్డు

ఆ పెట్టె కథ బొగ్గుతో మొదలవుతుంది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కులు దక్కాయి. 1889లో తవ్వకం మొదలైంది. అదే ఏడాది నిజాం రైల్వే ప్రధాన మార్గం బెజవాడ దాకా చేరింది. డోర్నకల్ దగ్గర చీలి కారేపల్లి మీదుగా ఇల్లెందుకి పోయే కొమ్మ లైను ఆ బొగ్గు కోసం పుట్టిందే. పక్కనున్న సింగరేణి అనే చిన్న ఊరి పేరు కంపెనీ పేరయింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. తర్వాత కారేపల్లి నుంచి ఇంకో లైను కొత్తగూడెం దాకా వెళ్లింది. భద్రాద్రి రాముడి దగ్గరికి పోయే భక్తులు దిగే స్టేషను కాబట్టి దానికి భద్రాచలం రోడ్ అని పేరు.

జూలూరుపాడు ఇటు తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద ఉంది. ఇప్పుడు పత్తి, మిర్చి చేలు. మాస్టారి చిన్నతనంలో ఊరి చివరి నుంచే అడవి. రాత్రి గాలి అటు తిరిగితే దూరంగా బొగ్గు బండి కూత వినిపించేది. 'మీ నాయన లెక్కపెట్టిన బండే అది' అని అమ్మ చెప్పి నిద్రపుచ్చేది.

నంబర్ టేకర్ అంటే ఈ తరానికి చెప్పాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో బండి యార్డులోకి రాగానే ఒక మనిషి చేతిలో పుస్తకం, పెన్సిలు, రాత్రయితే లాంతరు పట్టుకుని ఇంజిన్ దగ్గర్నుంచి గార్డు పెట్టె దాకా నడవాలి. ప్రతి పెట్టె మీద రాసిన రైల్వే పేరు, నంబరు, రకం, సరుకుందా ఖాళీయా, ఎక్కడికి పోతోంది... అన్నీ రాసుకోవాలి. ఒక్క అంకె తప్పు పడిందా, బొగ్గు పెట్టె ఒకటి దేశంలో ఎక్కడో తప్పిపోయినట్టే. వానలో, ఎండలో, చలిలో ఆ నడకే ఉద్యోగం.

''నేను డోర్నకల్ దాటకుండా మూడు రైల్వేల్లో పనిచేశా'' అని పెద్దాయన హాస్యమాడేవాడు. నిజమే. చేరినప్పుడది నిజాం స్టేట్ రైల్వే. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, ఆయన మూడో రైల్వే ఉద్యోగి అయ్యాడు. ఆయన కదల్లేదు, బోర్డులే మారాయి.

పెట్టెను చదవడం

మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు ఆ ఫొటోని స్కాన్ చేసి లాప్‌టాప్‌లో ఎక్కించింది. అగ్గిపెట్టెంత బొమ్మ తెరనిండా పరుచుకుంది. నాన్న చొక్కా జేబులో పెన్సిలు కనిపించింది. పెట్టె పక్కలకి కొట్టిన మేకుల తలలు కనిపించాయి. నాన్న భుజం వెనకనుంచి ఇంగ్లీషు అక్షరం ఒకటి బయటికి వచ్చింది... 'ఆర్'. దాని కింద నంబరులో చివరి మూడంకెలు 417. ఇంకా కింద, ఎడమ చివర, నాన్న మోచేతి పక్కన సన్నటి అంకెలు రెండు వరసలు.

ఇలా పాత ఫొటోల్లోని గూడ్సు పెట్టెల్ని చదివేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారని మాస్టారికి అప్పుడే తెలిసింది. ఇంగ్లండులో వ్యాగన్లు తయారుచేసే కంపెనీలు కొత్త రకం పెట్టె తయారైతే దాన్ని లేత రంగు వేసి, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా నిలబెట్టి ఫొటో తీయించేవి. ఆ కాలంలో మన దేశానికి పెట్టెలు చాలావరకు ఓడల్లో అక్కడినుంచే వచ్చేవి. అమెరికాలో 1942, 43 ప్రాంతంలో జాక్ డెలానో అనే ఫొటోగ్రాఫర్ ప్రభుత్వం తరఫున రైల్వే యార్డులు తిరిగి ఫొటోలు తీశాడు. ఆయన దృష్టి పనివాళ్ల మీద, బళ్ల మీద. కానీ ఇవాళ పరిశోధకులు ఆ ఫొటోల మూలమూలల్లో నిలబడ్డ పెట్టెల్ని పట్టి చూస్తున్నారు. కారణం ఏమిటంటే, అక్కడ ప్రతి పెట్టెనీ కొన్నేళ్లకోసారి మళ్లీ తూకం వేసి, ఆ నెల, సంవత్సరం పెట్టె మీదే రాసేవారు. ఫొటోకి తేదీ లేకపోయినా పెట్టె తేదీ చెబుతుంది.

ఇందులో బోల్తాపడే చోట్లూ ఉన్నాయి. పాతకాలపు ఫొటో పలకలకి ఎరుపు రంగు సరిగ్గా ఆనదు. ఎర్రమట్టి రంగు పెట్టె ఫొటోలో నల్లగా పడుతుంది. నల్లగా ఉంది కదా అని నల్ల పెట్టె అనుకుంటే తప్పులో కాలేసినట్టే. అలాగే పెట్టె మీద ఉన్న తేదీ ఫొటో తేదీ కాదు. 'ఫొటో ఇంతకంటే ముందుది కాదు' అని మాత్రమే అది చెప్పగలదు. లెక్కల మాస్టారికి ఈ మాట బాగా నచ్చింది. అసమీకరణం లాంటి సంగతి ఇది. ఒకవైపు హద్దు తెలుస్తుంది, రెండోవైపు మనం వెతుక్కోవాలి.

తేల్చాల్సిన హద్దు ఏదో ఆయనకి తెలుసు. అక్క పుట్టింది 1954 చివర్లో. పోయింది 1957 వానాకాలంలో. ఈ సంవత్సరం ఎవరూ కాగితం మీద రాయలేదు. మేనత్త బతికుండగా ఒకసారి చెప్పింది. ''కొత్త పైసలొచ్చిన ఏడే మీ అక్క పోయింది. మందిచ్చినాయనకి రూపాయిస్తే చిల్లర కొత్త పైసల్లో ఇచ్చాడు. మీ అమ్మ వాటిని లెక్కపెట్టలేక కొంగున ముడేసుకుంది'' అని. దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. మాస్టారు పుట్టింది 1959 జనవరిలో. కాబట్టి ఫొటో 1957 వానలకి ముందుదైతే అక్క. తర్వాతదైతే తను.

తప్పిన మొదటి లెక్క

'ఆర్' అక్షరం చూడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. సెంట్రల్ రైల్వేకి సి.ఆర్. అని రాసేవారు. దక్షిణ మధ్య రైల్వే పెట్టెల మీద ఎస్.సి. అని ఉండేది. అంటే ఇది 1966కి ముందుది. అంతేకాదు, నిజాం స్టేట్ రైల్వే అక్షరాల్లోనూ చివర ఆర్ ఉంది కదా! అదే అయితే 1951కి ముందు రాసిన రాత, తర్వాత రంగు పడనిది. ఫొటో యాభైల మొదటి సగానిదే అయి ఉండాలి. అక్కే అయి ఉండాలి.

ఈ లెక్క పట్టుకుని ఆయన కాజీపేటలో రిటైరైన ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లారు. జీవితమంతా పెట్టెల చక్రాలూ బ్రేకులూ పరీక్షించిన ట్రైన్ ఎగ్జామినర్ ఆయన. మాస్టారు చెప్పిందంతా విని నవ్వారు.

''మాస్టారూ, పెట్టెకి ఊరుండదు. దానికి యజమాని ఉంటాడు, అంతే. డోర్నకల్‌లో నిలబడ్డ పెట్టె డోర్నకల్ రైల్వేదే కావాలని లేదు. ఈస్టర్న్‌ది కావచ్చు, నార్తర్న్‌ది కావచ్చు, సదరన్‌ది కావచ్చు. అందరికీ చివర ఆర్ ఉంటుంది. డెబ్భైల్లో కూడా ఆర్ ఉన్న పెట్టెలు డోర్నకల్లో ఎన్నో. ఒక్క అక్షరం పట్టుకుని ఏళ్లు తేల్చలేం.''

పెట్టె రకమన్నా సాయం చేస్తుందా అని అడిగారు మాస్టారు. నాలుగు చక్రాల ఓపెన్ వ్యాగన్ అది. ఇరవై టన్నుల పైచిలుకు బొగ్గు పట్టేది. పెట్టెకీ పెట్టెకీ మధ్య మరతో బిగించే గొలుసు లంకె, రెండు చివర్లా బఫర్లు. అరవైల్లో ఎనిమిది చక్రాల బాక్స్ వ్యాగన్లు వచ్చాయి. ఎనభైల్లో గాలి బ్రేకుల బాక్స్‌ఎన్ వచ్చింది. ఒక్కొక్కటీ 58 టన్నులు మోస్తుంది. అయితే కొత్తవి వచ్చినంత మాత్రాన పాత నాలుగు చక్రాల పెట్టెలు వెంటనే పోలేదు. చాలా ఏళ్లు పక్కపక్కనే నడిచాయి. కాబట్టి రకమూ ఏమీ తేల్చదు.

''నిండు పెట్టెలైతే బొగ్గు మీద సున్నం నీళ్లు చల్లేవాళ్లం'' అని పాత రోజులు తలుచుకున్నారాయన. ''దారిలో ఎవడన్నా తవ్వుకుపోతే తెల్లటి పూత మధ్య నల్లటి గుంట కనపడుతుంది. దొంగని పట్టించేది సున్నమే.''

ఫొటోలోని పెట్టె పైఅంచు కంటే ఎత్తుగా ఏమీ లేదు. సున్నమూ లేదు. ఖాళీ పెట్టె.

పుస్తకాల అట్ట వెనక

ట్రంకుపెట్టెలో పెద్దాయన సొంత పుస్తకాలు ఏడు దొరికాయి. ఆఫీసు పుస్తకాలు ఆఫీసులోనే ఉండిపోయాయి. ఇవి ఆయన తనకోసం రాసుకున్నవి. ఎందుకు రాసుకున్నాడో ఎవరికీ తెలియదు. బహుశా ఎక్కడైనా తేడా వస్తే తన మాట నిలబెట్టుకోవడానికేమో. ఉర్దూ మీడియంలో చదివినవాడు కావడంతో మొదటి పుస్తకంలో తేదీలు ఉర్దూ అంకెల్లో ఉన్నాయి. అవి చదివించుకోవడానికి మాస్టారు ఖమ్మంలో ఒక పాత స్నేహితుడి దగ్గరికి రెండుసార్లు తిరిగారు.

మూడు నెలలు పట్టింది ఏడు పుస్తకాలూ చూడటానికి. పేజీకి నలభై నంబర్లు. మధ్యలో అక్కడక్కడా తెలుగులో ఒక ముక్క. 'పాముంది, జాగ్రత్త.' 'వాన. పెన్సిలు తడిసింది.' 'ఇంటికి ఉత్తరం రాయాలి.' కొడుక్కి ఎప్పుడూ నాలుగు మాటలు చెప్పని తండ్రి ఇలా పెట్టెల నంబర్ల మధ్య మాట్లాడాడు. ఆయన్ని చదవడానికే ఈ పనంతా పెట్టుకున్నట్టయిందని మాస్టారికి కొన్ని రాత్రులు అనిపించింది.

1957 వానాకాలంలో పుస్తకం పందొమ్మిది రోజులు ఖాళీ. ఎందుకో రాయలేదు. ఇరవయ్యో రోజు నుంచి మళ్లీ నంబర్లు, ముందుకంటే చిన్న అక్షరాల్లో.

417తో ముగిసే నంబర్లు, చివర ఆర్ ఉన్న రైల్వేవి, ఖాళీగా వచ్చినవి వెతికితే రెండు దొరికాయి. ఒకటి 1956 ఫిబ్రవరిలో. ఇంకొకటి 1961 మార్చిలో. మొదటి తేదీకి అక్కకి ఏడాది దాటింది. రెండో తేదీకి మాస్టారికి రెండేళ్లు దాటాయి. పుస్తకం ఇద్దరికీ సమానంగా సాక్ష్యం చెప్పింది. చెల్లెలు ఫోన్‌లో నవ్వింది. ''నాయన మన ఇద్దరినీ ఎప్పుడూ సమానంగానే చూశాడుగా'' అంది.

తేల్చింది మరొకటి. నాలుగో పుస్తకం వెనక అట్ట లోపల నాన్న రెండు గీతలు గీసి ఒక పట్టీ రాసుకున్నాడు. 'ఒక టన్ను - 1016 కిలోలు. ఒక హండ్రెడ్‌వెయిట్ - 50.8 కిలోలు.' దాని కింద, ఇంటి అవసరానికి కాబోలు, 'ఒక సేరు - 933 గ్రాములు.'

మాస్టారు ఆ పట్టీని చూస్తూ కాసేపు కూర్చుండిపోయారు. బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లలకి మెట్రిక్ పద్ధతి చెప్పిన మనిషి. అది ఎప్పుడొచ్చిందో ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు 1 నుంచి కొన్ని ప్రాంతాల్లో, కొన్ని రంగాల్లో మొదలయ్యాయి. 1962 నాటికి సేర్లూ వీశెలూ చట్టప్రకారం పక్కకి తప్పుకున్నాయి. బజారులో కిలో రాయి వచ్చినప్పుడు ఊళ్లో ముసలివాళ్లు 'సేరుకీ దీనికీ ఎంత తేడా' అని చేత్తో ఎత్తి చూసుకోవడం ఆయనకే లీలగా గుర్తు. రైల్వేవాళ్లూ అన్ని పెట్టెల మీదా అంకెలు మార్చాల్సి వచ్చింది. ఎందుకంటే ప్రతి పెట్టె మీదా దాని ఖాళీ బరువు, అది మోయగల బరువు రాసి ఉంటాయి.

నాన్న మోచేతి పక్కన ఉన్న రెండు వరసలు అవే.

చుక్క

మాస్టారు లాప్‌టాప్ తెరిచి ఆ మూలని ఎంత పెద్దది చేయగలరో అంత చేశారు. పాత పద్ధతిలో పెట్టె బరువు టన్నులు, హండ్రెడ్‌వెయిట్‌లు. తొమ్మిది టన్నుల పద్నాలుగు హండ్రెడ్‌వెయిట్‌లు అయితే తొమ్మిది, అడ్డగీత, పద్నాలుగు. కొత్త పద్ధతిలో గీత ఉండదు. దశాంశ బిందువు ఉంటుంది.

తెర మీద తొమ్మిది అంకె కనిపించింది. దాని పక్కన, అంకె పాదం దగ్గర, ఒక చుక్క. తర్వాత ఎనిమిది. మిగతాది మోచెయ్యి మింగేసింది.

బొగ్గు మరక కావచ్చు కదా అనుకున్నారు. ఫొటో మీద పడ్డ దుమ్ము కావచ్చు కదా. కింది వరస చూశారు. ఇరవై రెండు. పక్కన మళ్లీ చుక్క. అదే ఎత్తులో, అదే సైజులో, అంకె పాదం దగ్గరే. మరక అయితే రెండు చోట్ల ఒకేలా పడదు. గీత అయితే అంకె నడుము దగ్గర ఉండాలి, అంకెంత వెడల్పుగా ఉండాలి. కాజీపేట పెద్దమనిషికి ఫోన్ చేసి అడిగారు. పాత తూకం రోజుల్లో ఎవరన్నా చుక్క పెట్టి రాసేవారా అని. ''టన్నుకి ఇరవై హండ్రెడ్‌వెయిట్‌లండీ. చుక్క ఎలా పెడతారు?'' అన్నారాయన.

అంతే. పెట్టె మీద ఉన్నది కిలోల కాలం నాటి రాత. 1958 అక్టోబరుకి ముందు అది ఉండే అవకాశం లేదు. అక్క ఆ తూకం రాకముందే వెళ్లిపోయింది. ఆమె బతికిన రెండున్నరేళ్లూ సేర్ల కాలమే.

ఫొటో 1961 మార్చినాటిదని ఆ పుస్తకం గట్టిగా చెప్పలేకపోవచ్చు. 417తో ముగిసే పెట్టెలు దేశంలో ఎన్నో ఉంటాయి. కానీ చంకలో ఉన్నది మాస్టారే. ఎవరి ఫొటో కోసం ఏడాది వెతికారో ఆ మనిషి అందులో లేదని, వెతికినవాడే ఉన్నాడని తేలింది. లెక్క సరిగ్గా వచ్చినందుకు జీవితంలో మొదటిసారి ఆయన బాధపడ్డారు.

చెల్లెలికి చెప్పారు. 'చూశావా, నేను చెప్పలా' అనలేదామె. కాసేపు ఊరుకుని, ''అమ్మకి చెప్పకు అన్నయ్యా'' అంది.

గౌను

మాస్టారు చెప్పకూడదనే అనుకున్నారు. రెండు నెలలు చెప్పలేదు కూడా. ఒకరోజు సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని అమ్మే అడిగింది.

''ఏరా పెద్దోడా, ఆ పెట్టె సంగతి ఏందైందిరా? రాత్రీ పగలూ ఆ కంప్యూటర్లో చూస్తంటివిగా.''

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాలేదు. ''తేలిందమ్మా. ఆ ఫొటో కిలోలు వచ్చాక తీసింది. ఆ బిడ్డ...'' అని ఆగిపోయారు.

''నువ్వేగా'' అంది అమ్మ.

మాస్టారికి మాట రాలేదు.

''నాకు తెలవదా అది నువ్వని? డోర్నకల్ కోటర్సులో ఉన్నప్పుడు ఒక గార్డుబాబు కొత్తగా కెమెరా కొన్నాడు. మీ నాయన పొద్దున్నే డూటీకి పోతా నిన్ను ఎత్తకపోయాడు. నువ్వు ఒక్క నిమిషం నిలకడగా ఉన్నావా! ఇంజను కూతేస్తే అటు తిరిగితివి.''

''మరి ఎప్పుడూ నా తల్లి, నా తల్లి అంటావు కదమ్మా ఆ ఫొటో చూసి?''

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుపు కాదు, చూపు మసక.

''ఆ గౌను దానిదిరా. ఖమ్మంలో కొన్నాం. తెల్లటి దాని మీద ఎర్రపూలు. అది పోయినాక అన్నీ ఎవరికో ఇచ్చేశాడు మీ నాయన, కళ్లబడితే ఓర్చుకోలేక. అదొక్కటీ నేను బియ్యం కుండలో దాచిపెట్టా. నువ్వు పుట్టినాక దాన్ని నీకు తొడిగా. దాని బట్ట కట్టుకుంటే నువ్వన్నా దక్కుతావని. మీ నాయన చూశాడు, ఏమీ అనలా. నిన్ను చంకనేసుకుని పొయ్యి ఫొటో దిగొచ్చాడు.''

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. దూరంగా రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి కొత్తగూడెం వైపు నుంచి వెళ్లింది.

మర్నాడు మాస్టారు ఫొటోని పటం కట్టించడానికి తీసుకెళ్లారు. బిడ్డని విడదీసి పెద్దది చేయమని అడగలేదు. ఉన్నది ఉన్నట్టు, నాన్నతో, పెట్టెతో, కొరికేసిన మూలతో సహా కట్టమన్నారు. కట్టే ముందు ఫొటో వెనక పెన్సిలుతో, నాన్న రాసే పద్ధతిలోనే వరసగా రాశారు.

'చోటు - డోర్నకల్ యార్డు. పెట్టె - నాలుగు చక్రాల ఓపెన్, ఖాళీ. నంబరు చివర 417. కాలం - 1958 అక్టోబరు తర్వాత, బహుశా 1961. బిడ్డ - పెద్దకొడుకు. గౌను - అక్కది.'